డెంటల్ కాలేజీ ఓపీ గురించి ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

నమస్కారం సార్,

పన్ను నొప్పొస్తే మనోళ్ళు లవంగం పెట్టుకుని, మెడికల్ షాపులో బిళ్ళ కొనుక్కుని నెట్టుకొస్తారు, ప్రైవేటులో రూట్ కెనాల్ (పన్ను లోపల పాడైన నరం తీసి, శుభ్రం చేసి నింపడం) అంటే వేలల్లో అవుద్దని భయం. డెంటల్ కాలేజీలో తక్కువకే చేస్తారంటే "మా మీద నేర్చుకుంటారా" అంటారు. అలా కాదు సార్, మా అమ్మకి అక్కడ రూట్ కెనాల్ చేసేటప్పుడు దగ్గరుండి చూశా, హౌస్ సర్జన్ (ట్రైనింగులో ఉన్న డాక్టరు) అమ్మాయి మధ్యమధ్యలో ఆగి ఎక్స్‌రే పట్టుకెళ్ళి నేర్పించే మేడమ్‌కి చూపించి, ఆవిడ సరే అన్నాకే ముందుకెళ్ళింది. టైమ్ ఎక్కువ పడుద్ది, సిట్టింగులు ఎక్కువ, అంతే.

ఇబ్బందల్లా అక్కడే. తిరువూరు, మైలవరం నుంచి కూలి మానుకుని వచ్చేవాళ్ళు రెండోసారి రాలేరు, మళ్ళీ వచ్చేదాకా ఉండాలని పెట్టిన టెంపరరీ ఫిల్లింగ్ ఊడిపోయి చివరికి పన్నే పీకించుకుంటారు. కాలేజీలతో మాట్లాడి ఆదివారం కూడా ఓపీ పెట్టించండి సార్, ఫీజులెంతో తెలుగులో బస్టాండులో బోర్డు పెట్టించండి.