పది సెంటీమీటర్ల బోర్డు

నెల్లూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ పెంచలా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి తిట్లకే సరిపోయింది, రెండోసారికి గానీ విషయం తలకెక్కలేదు. ఒంగోల్లో మీ సందు చివర నిలువెత్తు ఫ్లెక్సీ మీద 'ఆర్కిటెక్ట్' అని రాయించుకున్న మనిషి నీ దగ్గర ప్లానుకు డబ్బు తీసుకుని, మెట్ల కింద బాత్రూము గీసిచ్చాడు. అందులో మనిషి నిలబడాలంటే తల వంచాలి. అడగబోతే ఫోన్ ఎత్తడం లేదు. అంతేగా?

"మీ ఆర్కిటెక్టులంతా ఇంతేనా, మీ పైన అడిగేవాడే లేడా?" అన్నావు చూడు, ఆ మాట కాస్త గుచ్చుకుంది. దానికి ఫోన్లో జవాబు చెప్పడం నావల్ల కాదు. అందుకే ఈ ఉత్తరం. హాస్టల్ రోజుల తర్వాత నీకు ఉత్తరం రాయడం ఇదే. నా రాత ఇంకా కోడి గెలికినట్టే ఉంది, ఓపిగ్గా చదువు.

ముందు ఒక పని చెయ్. అతన్ని రిజిస్ట్రేషన్ నంబరు అడుగు. మాలో ప్రతివాడికీ 'సీఏ' అని మొదలయ్యే నంబరు ఒకటి ఉంటుంది. మధ్యలో రిజిస్టరైన సంవత్సరం, చివర వరస సంఖ్య. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్లో కొట్టి చూస్తే మనిషి ఉన్నాడో లేడో తేలిపోతుంది. నాకైతే ఆ ఫ్లెక్సీ మాట విన్నప్పుడే అనుమానం వచ్చింది. 1989లో మాకొక ప్రవర్తన నియమావళి వచ్చింది. దాని ప్రకారం ఆఫీసు బయట పేరు రాసుకోవచ్చు గానీ అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదు. బెత్తెడుకి కాస్త ఎక్కువ, అంతే. మా గురించి మేము ప్రకటనలు ఇచ్చుకోకూడదు. పని తెచ్చిపెట్టినందుకు ఒకరికి కమీషన్ ఇవ్వకూడదు, ఒకరి దగ్గర తీసుకోకూడదు. నా ఆఫీసు బోర్డు మొదటిసారి చూసినప్పుడు మా నాన్న, "ఇదేందిరా, నంబరు ప్లేటు గోడకి కొట్టావా?" అన్నాడు.

ఇక నీ ప్రశ్న. అడిగేవాడున్నాడు. కాకపోతే ఒక మనిషి కాదు, ఒక సంఘం, ఇందాక చెప్పిన ఆ కౌన్సిలే. 1972లో పార్లమెంటు చేసిన ఆర్కిటెక్ట్స్ యాక్ట్ కింద పుట్టింది. ఆఫీసు ఢిల్లీ లోధీ రోడ్డులో, ఇండియా హాబిటాట్ సెంటర్లో ఉంది. దానికో అధ్యక్షుడు ఉంటాడు గానీ ఆయనేమీ కలెక్టరు లాంటివాడు కాదు, పని నడిచేదంతా కమిటీల మీదే. ఇది నీకెట్టా చెబితే ఎక్కుతుందా అని ఆలోచిస్తే మా నాన్న నీటి సంఘం గుర్తొచ్చింది.

మా పొలం బుచ్చిరెడ్డిపాలెం దగ్గర కనిగిరి రిజర్వాయరు ఆయకట్టులో కదా. 1997 చట్టం వచ్చాక కాలువల మీద నీటి సంఘాలు పెట్టారు. నాన్న ఒక దఫా టీసీ మెంబరుగా, అంటే ఆయకట్టులో ఒక భాగం రైతుల తరఫు సభ్యుడిగా చేశాడు. ఆయనకున్నది రెండెకరాలు. అయినా ఎన్నికలప్పుడు పాతికెకరాల ఆసామి ఆయన్ని పలకరించి టీ తాగించి మరీ పోయేవాడు. ఎందుకంటే ఓటు ఓటే. కాలువ చివర ఉన్నవాడికి నీళ్ళు అందినా అందకపోయినా, సంఘంలో నిలబడి అడిగే హక్కు మాత్రం ఉండేది.

ఇప్పుడు మా కౌన్సిల్ సంగతి విను. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ అని మా వాళ్ళదే ఒక పాత సంస్థ ఉంది, అది తన సభ్యుల్లోంచి ఐదుగురిని ఎన్నుకుని పంపుతుంది. ఆర్కిటెక్చర్ కాలేజీల అధిపతులు తమలో తాము ఇంకో ఐదుగురిని ఎన్నుకుంటారు. ఎన్నికై వచ్చేవాళ్ళు ఈ పదిమందే. మిగతా వాళ్ళంతా నామినేషన్ మీదో హోదా మీదో వస్తారు. సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ నుంచి ఇద్దరు, రక్షణ శాఖ, రైల్వే, కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ)ల ఆర్కిటెక్టు పెద్దలు ముగ్గురు, కేంద్రం పంపే మనిషి ఒకరు, ఇంజినీర్ల సంస్థ నుంచి ఇద్దరు, సర్వేయర్ల సంస్థ నుంచి ఒకరు. సైట్లో బీము లోతు దగ్గర ఇంజినీర్లతో రోజూ పడే గొడవ చాలదని ఢిల్లీలో కూడా పక్క కుర్చీ వేశారని మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. ఆలోచిస్తే మంచిదే. అందరూ మావాళ్ళే అయితే మా తప్పులు మాకు కనపడవు.

ఇవన్నీ కాక ప్రతి రాష్ట్ర ప్రభుత్వమూ ఒక ఆర్కిటెక్టును నామినేట్ చేస్తుంది. లెక్క వేసుకో. పైన చెప్పినవాళ్ళంతా కలిపి 19 మంది. రాష్ట్రాలే 28. అంటే ఆ గదిలో చేతులెత్తాల్సి వస్తే బరువంతా ప్రభుత్వాలు పంపినవాళ్ళ వైపే ఉంటుంది.

నేను ఇన్నేళ్ళుగా రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు కడుతున్నాను. నేను రిజిస్టర్డ్ ఆర్కిటెక్టుని అన్న ఒక్క కారణంతో నాకు ఆ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు ఉందా? లేదు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యుడినైతే ఆ ఐదుగురి దగ్గర నాకో మాట ఉంటుంది. నేను చేరలేదు, అందులో సగం నా బద్ధకమే, ఒప్పుకుంటాను. కానీ మిగతా సగం నా తప్పు కాదు. రెండెకరాల రైతుకి కాలువ మీద ఉన్న హక్కు, ఐదేళ్ళు బీఆర్క్ చదివి నంబరు తెచ్చుకున్నవాడికి తన సంఘం మీద లేదు. నెల్లూరు, కావలి, మార్కాపురం లాంటి ఊళ్ళలో ఒంటరిగా ఆఫీసు పెట్టుకున్నవాళ్ళ తరఫున మాట్లాడేది ఎవరురా అక్కడ? ఈ మాట ఇక్కడి నా తోటి ఆర్కిటెక్టుతో అంటే, "నీకెందుకబ్బా, గమ్మునుండు, ప్లాన్లు గీసుకో" అన్నాడు. గమ్మునుండటం నాకెప్పుడొచ్చు!

సరే, అంతమంది రోజూ ఢిల్లీ పోయి కూర్చోలేరు కదా. కౌన్సిల్ ఆరు నెలలకి ఒకసారైనా కూడాలని చట్టంలో ఉంది. వరసగా మూడు సమావేశాలకి సరైన కారణం లేకుండా ఎగ్గొడితే సభ్యత్వం పోతుంది. పదవీకాలం మూడేళ్ళు. మధ్యలో బండి లాగేది ఎగ్జిక్యూటివ్ కమిటీ. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, వాళ్ళు కాక కౌన్సిల్ తనలోంచి ఎన్నుకునే ఐదు నుంచి ఏడుగురు. అంటే తొమ్మిది మందికి మించరు. చిన్న కమిటీయే గానీ బలం దానిదే. కాలేజీలకి ఇన్‌స్పెక్టర్లను వేసేది అదే. వాళ్ళ రిపోర్టు వచ్చేదీ దాని దగ్గరికే. గదులు, లైబ్రరీ, పాఠం చెప్పేవాళ్ళు సరిగ్గా ఉన్నారో లేదో చూసి, బాగాలేదని అది చెబితే, ఆ డిగ్రీకి గుర్తింపు తీసేయమని కౌన్సిల్ ప్రభుత్వానికి రాసేదాకా పోవచ్చు. మేము చదివేటప్పుడు ఇన్‌స్పెక్షన్ అంటే కాలేజీలో పెళ్ళి సందడి. గోడలకి సున్నం, మోడల్స్ మీద దుమ్ము దులపడం, ఏడాదంతా తాళం వేసి ఉన్న ల్యాబు ఆ ఒక్కరోజు తెరవడం. వచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలీదంటావా? వాళ్ళూ ఎక్కడో ఒక కాలేజీలో ఆ తాళాలు తీసి వచ్చినవాళ్ళేగా.

నీకు పనికొచ్చేది క్రమశిక్షణ కమిటీ. రిజిస్టరైన ఆర్కిటెక్టు మీద నువ్వు ఫిర్యాదు రాస్తే కౌన్సిల్ ముందు అతని సంజాయిషీ అడుగుతుంది. చూడగానే విషయం ఉందనిపిస్తే కమిటీకి పంపుతుంది. కమిటీ ఇద్దరినీ పిలిచి, కాగితాలు చూసి, నివేదిక ఇస్తుంది. అక్కడితో దాని పని సరి. తేల్చాల్సింది మళ్ళీ కౌన్సిలే. మందలించవచ్చు, కొన్నాళ్ళు ప్రాక్టీసు ఆపేయవచ్చు, రిజిస్టర్లోంచి పేరే కొట్టేయవచ్చు. ఈ పద్ధతి మాత్రం నాకు నచ్చుతుంది. విచారించినవాళ్ళే శిక్ష వేసేస్తే, అలిగిన మేనమామ పంచాయితీ అయిపోతుంది.

కానీ నీ మనిషికి నంబరే లేదనుకో. అప్పుడు ఈ కమిటీకి అతను దొరకడు. లిస్టులో లేనివాణ్ణి లిస్టులోంచి ఎట్టా తీసేస్తారు? దానికి చట్టంలో వేరే సెక్షనుంది, రిజిస్టర్ కానివాడు 'ఆర్కిటెక్ట్' అనే పేరు పెట్టుకోకూడదని. నేవల్ ఆర్కిటెక్టులకీ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులకీ మాత్రం మినహాయింపు ఉంది, కాబట్టి కృష్ణపట్నంలో ఓడ గీసేవాడు దిగులుపడక్కర్లేదు. 1972లో రాసిన జరిమానా ఎంతో తెలుసా? మొదటిసారి పట్టుబడితే 500 రూపాయల దాకా. ఆ ఫ్లెక్సీ ప్రింటింగుకి అంతకంటే ఎక్కువే అయ్యుంటుంది. అదీ నువ్వు నేరుగా కోర్టుకి పోయి వేసే కేసు కాదు. కౌన్సిల్ ఉత్తర్వు మీద గానీ, అది అధికారమిచ్చిన మనిషి గానీ ఫిర్యాదు చేస్తేనే కోర్టు తీసుకుంటుంది. అంటే నువ్వు ముందు ఢిల్లీకి రాయాలి.

ఇంకో మెలిక ఉంది. 2020లో సుప్రీంకోర్టు, నోయిడా అథారిటీలో పోస్టుల పేర్ల గురించి వచ్చిన కేసులో, ఈ చట్టం కాపాడేది 'ఆర్కిటెక్ట్' అనే పేరునే గానీ ఆ పనిని కాదని తేల్చింది. అంటే ఇంటి డిజైన్ ఎవరైనా చేయొచ్చు, ఆ పేరు మాత్రం తగిలించుకోకూడదు. ఆ రోజు మావాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏడుపులే ఏడుపులు. నాకంత బాధనిపించలేదు. మన జిల్లాల్లో ఇళ్ళు కట్టిన మేస్త్రీలంతా ఏ డిగ్రీ చదివారు? మీ తాత కట్టించిన ఇంట్లో మెట్ల కింద నువ్వెప్పుడన్నా తల కొట్టుకున్నావా? నాకు కోపం పని మీద కాదు, పేరు మీద. రాని చదువుని గోడకి తగిలించి డబ్బు తీసుకోవడం మీద.

కాబట్టి ఇట్టా చెయ్. నంబరు లేదని తేలితే ఫ్లెక్సీ ఫోటో, అతనిచ్చిన రసీదు, ప్లాను కాపీ పెట్టి కౌన్సిల్ రిజిస్ట్రారుకి ఒక ఉత్తరం పంపు. సెక్రటరీ పనీ ఆయనదే. డబ్బు వెనక్కి కావాలంటే మాత్రం కౌన్సిల్‌ని నమ్ముకోకు, ఒంగోల్లోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడ కేసు వెయ్యి. డ్రాఫ్టు నేను చూసి పెడతాను. తిట్లు మాత్రం తీసేసి పంపు.

స్లాబు ఇంకా పడలేదన్నావు కాబట్టి ఏమీ మునిగిపోలేదు. ప్లాను ఫోటోలో చూశాను. మెట్లు ఉత్తరం గోడ వైపు తిప్పితే బాత్రూము బయటపడుతుంది, కాకపోతే వంటగదిలో ఒక అడుగు పోతుంది. చెల్లెమ్మని అడిగి చెప్పు. నేలకి చీమకుర్తి రాయి వెయ్యాలని పట్టుబట్టకు, ఆ నల్ల గ్రానైటు, బ్లాక్ గెలాక్సీ మీద దుమ్మంతా కనపడుతుంది, రోజూ తుడిచేది నువ్వు కాదు. వచ్చే శనివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి వస్తాను. స్టేషనుకి రా. టేపు నేను తెస్తాను, పిల్లకాయల చాక్‌పీసులు రెండు నువ్వు పట్టుకొచ్చుకో, నేల మీదే గీసి చూపిస్తా.

నీ
రమణయ్య

తా.క. వచ్చేటప్పుడు ఆ ఫ్లెక్సీ అక్షరం ఎత్తు కూడా కొలిచి రా. ఊరికే, తెలుసుకోవాలని.