2024-25 వార్షిక నివేదిక: షుగరు పరిశోధనకు మన వంతు

అధ్యక్షుల వారికి, కమిటీ పెద్దలకు, సభ్యులందరికీ కార్యదర్శి నమస్కారాలు.

సంఘం ఎందుకు పెట్టామో మళ్లీ చెప్పను. ఈ హాల్లో సగం మంది సంచుల్లో మాత్రల డబ్బాలున్నాయి. ఏటా జరిపే ఉచిత పరీక్షలతో సరిపెట్టకుండా, ఈసారి షుగరు మీద జరిగే పరిశోధనకు కూడా చేయందించాం.

నవంబరు 14న మన తిరుపతి బైరాగిపట్టెడ కల్యాణమండపంలో జరిపిన సభ గురించి చెప్పుకోక తప్పదు. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ పుట్టినరోజు అది. ఆయనా, తోటివాళ్లూ 1923లో దాని పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకే రాసిచ్చేశారని డాక్టరు గారు చెబితే, వెనక వరుసలో ఒకాయన "ఈ కాలంలో అయితేనా!" అన్నారు. తర్వాత, పరిశోధనకు రక్తమిచ్చేవాళ్లు సంతకం చేయాల్సిన సమ్మతి పత్రాన్ని తెలుగులో లైను లైనూ చదివారు. రక్తం ఎంత తీస్తారు, ఎందుకు, ఎక్కడ దాస్తారు అన్నీ అందులోనే ఉన్నాయి. పూలమ్ముకునే ఒకావిడ లేచి, "మధ్యలో వద్దనుకుంటే ఏమన్నా అంటారా సామీ?" అని అడిగింది. ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మీ వైద్యం ఆగదు అన్నారు. ఆ లైను మళ్లీ చదివించుకుని మరీ వేలిముద్ర వేసింది. వేలిముద్రకు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలట, ఆ సంతకం నాదే. ఆ రోజు 31 మంది రక్తమిచ్చారు.

షుగరు లేనివాళ్లూ కావాలి, పోల్చి చూడటానికి. "నాకు లేదుగా, నేనెందుకు" అని వెళ్లిపోయినవాళ్లు ఇది గమనించాలి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుందని 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే తేల్చిందంటే, లక్షా పదమూడు వేల మంది రక్తపరీక్షకు వేలు చాపబట్టే. ఒక్క మాట: కొత్త మందు ట్రయల్ అని ఎవరైనా పిలిస్తే ట్రయల్స్ అన్నీ నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబరుందా, పాల్గొనేవాళ్లకు అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతుందా అని అడగండి. డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి.

విరాళాల చెక్కులు సభ్యులే నేరుగా పరిశోధన సంస్థ పేరిట రాశారు, విరాళమిచ్చినవాళ్లకు ఆదాయపన్ను మినహాయింపు తెచ్చే 80జీ గుర్తింపు మన సంఘానికి లేదు కనుక. నగదు రెండు వేలు దాటితే ఆ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు. మార్చి 30న రాత్రి రసీదు కోసం నాకు ఫోన్ చేయకండి. సంఘం జమాఖర్చులు కోశాధికారి గారు ఆడిట్ చేయించారు, పట్టిక వెనక పేజీలో ఉంది.

మండపం అద్దె తీసుకోని యజమానికి, తెల్లారేసరికి రాగిసంకటి, వేరుశనగ చట్నీ చేసి తెచ్చిన మహిళా సభ్యులకు, ఆటోలో ముసలివాళ్లను ఇళ్లకు చేర్చిన తమ్ముళ్లకు, డాక్టర్లకు, ల్యాబ్ సిబ్బందికి కృతజ్ఞతలు. సన్మానంలో లడ్డూలు పెట్టిన పెద్దాయనకూ కృతజ్ఞతలే. తిరుపతిలో ఉంటూ ప్రసాదం వద్దనడం ఎవరి వల్లా కాదు.

ఇక చెప్పక తప్పని మాట. వాలంటీర్లుగా 18 మంది పేర్లిచ్చారు, వచ్చింది ఐదుగురు. గురువారం, ఆఫీసులున్నాయన్నారు. తేదీ రెండు నెలల ముందే చెప్పాం. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి కోసం పదకొండున్నర దాకా జ్యోతి వెలిగించలేదు. పరగడుపున వచ్చిన షుగరు పేషెంట్లు నీరసంతో కూర్చుండిపోయారు. ఇకపై అతిథి వచ్చినా రాకున్నా ఏడింటికే రక్తం తీయడం మొదలవుతుంది.

వచ్చే నవంబరు 14కు పేర్లు ఇవాళే రాసుకుంటున్నాం. పుస్తకం కోశాధికారి గారి టేబుల్ మీద ఉంది. నిజంగా వచ్చేవాళ్లే రాయండి.