అమ్మ రెప్ప నిలబెట్టిన అందరికీ

నిన్న రాత్రి అమ్మ సీరియల్ చివరిదాకా చూసింది. పోయిన ఏడాది ఈపాటికి సాయంత్రమయ్యేసరికి ఎడమ రెప్ప వాలిపోయేది, ఒకటి రెండుగా కనిపించేది, అన్నం నమిలితే దవడ అలిసిపోయేది. పొద్దున మళ్లీ మామూలే! అందుకే మేం కళ్లజోడు మార్పించి ఊరుకున్నాం.

ముందుగా ఖమ్మంలోని న్యూరాలజిస్టు మేడమ్‌కి దండం. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టించారు. రెప్ప లేచింది. మయస్తీనియా, అంటే వాడేకొద్దీ కండరాలు అలిసిపోయే జబ్బు కావచ్చంటూ రక్తపరీక్షతో పాటు ఛాతీకి సీటీ స్కాన్ రాశారు. "కంటికి జబ్బైతే ఛాతీకెందుకండీ?" అని దురుసుగానే అడిగాను. ఆవిడ విసుక్కోకుండా చీటీ వెనక బొమ్మ గీశారు. రొమ్ము ఎముక వెనక, గుండెకు ముందు థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్నతనంలో టి కణాలకు, అంటే ఒంటిని కాపలా కాసే తెల్ల రక్తకణాలకు, ఎవరు మనవాళ్లో ఎవరు పగవాళ్లో నేర్పేది అదే. పెద్దయ్యాక కొవ్వుగా మారి ముడుచుకుపోతుంది. అక్కడ కణితి లేస్తే ఆ చదువు తప్పుతుంది, నరం కండరాన్ని కలిసే చోటునే ఒళ్లు శత్రువనుకుంటుంది. మయస్తీనియా వచ్చిన పదిమందిలో ఒకరికి పైగా ఈ కణితి, అంటే థైమోమా ఉంటుందట. అమ్మకు 5 సెంటీమీటర్లది ఉంది.

రిపోర్టులో 'బి2' అని చూసి రెండో స్టేజీ అనుకుని ఇంట్లో ఒకటే ఏడుపులు. పాథాలజీ చదువుతున్న మా పిన్ని కూతురు ఫోన్లో గంటసేపు ఓపిగ్గా చెప్పింది: ఎ, ఎబి, బి1, బి2, బి3 అనేవి కణాల తీరు, స్టేజీ అంటే ఎంతవరకు పాకిందన్నది, రెండూ వేరు. థైమిక్ కార్సినోమా అని ఆ గ్రంథికే వచ్చే వేరే క్యాన్సర్ అయితే ఇంకా మొండిదట. ఆ రాత్రి నాన్న అన్నం తిన్నారు. నీ రుణం తీరదు చెల్లీ.

ఆపరేషన్ హైదరాబాద్‌లో. ఊపిరి పీల్చే కండరాలు తట్టుకోవాలని ముందే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం మార్చారు. తర్వాత రొమ్ము ఎముక కోసి, గ్రంథితో సహా కణితి తీశారు. కొన్ని యాంటీబయాటిక్స్ ఈ జబ్బును ముదరబెడతాయని కేసు షీటు మీద ఎర్ర పెన్నుతో రాసి, డ్యూటీ మారినప్పుడల్లా గుర్తుచేసుకున్న నర్సమ్మలకు ఏమిచ్చినా తక్కువే. మా వీధి మందుల షాపు అన్న కూడా, మొన్న దగ్గుకి ఏదో ఇవ్వబోయి, చీటీ చూసి ఆగిపోయాడు.

బిళ్లలు ఇంకా నడుస్తున్నాయి. ఏళ్ల తరబడి స్కాన్లు తప్పవు, ఇది ఆలస్యంగా కూడా తిరగబెట్టొచ్చట. స్కాన్ రోజు టెన్షన్ ఉంటుంది, అబద్ధమెందుకు.

నాన్న ఆర్టీసీ డిపో నుంచి రక్తం ఇవ్వడానికి ఆరుగురు వచ్చారు. ఏడో అబ్బాయెవరో పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. తమ్ముడూ, ఇది నీ కంటపడితే ఒకసారి ఇంటికి రా. ఆరోజు నువ్వు టిఫిన్ కూడా తినలేదని అమ్మ ఇప్పటికీ అంటోంది.