ఆ పురుగు దోమ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం ప్రవాసుల పేజీలో అమెరికాలో ట్రౌట్ అనే చేపల వేట మీద వేసిన వ్యాసం చదివా, బాగుంది గానీ రెండు తప్పులున్నాయి, మిడ్జ్ అనే చిన్న పురుగుని దోమ అన్నారు, అక్టోబర్ దాటితే ఇక గాలం అటకెక్కించడమే అన్నారు. నేను డెన్వర్‌లో ఉంటా, పదకొండేళ్ల నుంచి సౌత్ ప్లాట్ నదిలో డెకర్స్ దగ్గర, ఇంకా పైన చీజ్‌మన్ కాన్యన్‌లో జనవరిలో కూడా ట్రౌట్ పడుతున్నా, అదీ ఎక్కువగా ఈ మిడ్జ్‌లా కట్టిన ఎరతోనే.

ఈ మిడ్జ్ కుట్టదు. సాయంత్రం పూట చెరువు గట్టు మీద నెత్తిమీద గుంపుగా ముసురుతాయి చూడండి, తొట్టి కడక్కపోతే అడుగున ఎర్రగా మెలికలు తిరిగే పురుగులుంటాయి చూడండి, ఆ జాతే. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది, బురదలో ఆక్సిజన్ తక్కువున్నా దాంతోనే బతుకుతాయి. చీజ్‌మన్ డ్యామ్ 1905 నాటిది, దాని కింద కొన్ని మైళ్ల దాకా నది చలికాలంలోనూ పారుతూనే ఉంటుంది, వేరే పురుగు జాడ లేని రోజుల్లో కూడా మిడ్జ్ ఉంటుంది, చేపకి అదే తిండి.

కొత్తగా వచ్చిన మనవాళ్లు షాపులో పెద్ద పెద్ద ఫ్లైలు, అంటే కొక్కేనికి దారం, ఈకలు చుట్టి పురుగులా చేసిన ఎరలు కొనుక్కొచ్చి, పొద్దంతా విసిరి, ఒక్కటీ పడక మానేస్తున్నారు, నా బాధ అదే. కాస్త ఎండెక్కాక నీళ్లకేసి చూడండి, చేప నోరు బయటికి రాదు, వీపూ దాని మీది రెక్కా మాత్రం మెల్లగా తేలి మునుగుతాయి, అంటే అది ఎగిరే పురుగుని కాదు, నీటి పైపొర కింద వేలాడే ప్యూపాని, అంటే ఇంకా రెక్కలు విప్పని పురుగుని తింటోందన్నమాట. అప్పుడు 22 నంబర్ కొక్కెం కావాలి, బియ్యపు గింజ కంటే చిన్నది, దానికి నల్లదారం, మీద సన్న వెండిరంగు తీగ, తలకి ఒక పూస, జీబ్రా మిడ్జ్ అంటారు. పైన తేలేదైతే గ్రిఫిత్స్ నాట్, నెమలీక పోగు చుట్టి దానిమీద కోడి ఈక తిప్పుతారు, అంతే, నీళ్ల మీద నాలుగైదు మిడ్జ్‌లు అతుక్కున్నట్టు ఉంటుంది. 1959లో మిషిగన్‌లో ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే ట్రౌట్ సంరక్షణ సంస్థని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన జార్జ్ గ్రిఫిత్ పేరే దానికి పెట్టారు.

స్పిన్నీ, ఎలెవెన్ మైల్ లాంటి రిజర్వాయర్లలో ఐసు కరిగాక కూడా ఇదే. ప్యూపాలా కట్టిన ఎర నీళ్ల కింది నేలకి ఒక అడుగు పైన వేలాడేలా దారం కొలుచుకుని బెండు కట్టాలి, ఇక కదపొద్దు, గాలికి అల ఊపినంత చాలు. చిన్నప్పుడు కాలవ గట్టున జీలుగు బెండు మునిగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్లకి ఇది వేరే నేర్పక్కర్లేదు.

ఇంకోటి, మీరు వేసిన ఫొటోలో ట్రౌట్‌ని ఎండుగడ్డి మీద పడుకోబెట్టారు, అది చూసి మనసు చివుక్కుమంది. చీజ్‌మన్ కాన్యన్‌లో పట్టిన ప్రతి ట్రౌట్‌నీ వదిలేయాలి, అది రూలు. పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది, గడ్డకట్టే చలిలో బయటికి తీస్తే కాసేపట్లోనే మొప్పల మీద ఐసు పడుతుంది. కొక్కెం మొన దగ్గరి ఎదురుముల్లు ముందే నొక్కేసుకుంటే, చేప నీళ్లలో ఉండగానే వేలితో తోస్తే ఊడొస్తుంది. తర్వాత తోక దగ్గర పట్టుకుని పారే నీటికి ఎదురుగా నిలబెట్టాలి, మొప్పలు మెల్లగా ఆడతాయి, ఒక్క విదిలింపు విదిలించి వెళ్లిపోతుంది.

ఈ ఆదివారం దోమ అన్న మాట సరిదిద్ది, ఆ ఫొటో బదులు నీళ్లలో ఉన్న చేప ఫొటో వేయండి ప్లీజ్.

ఇట్లు,
ఒక పాఠకుడు, డెన్వర్