జొన్న వేరు పంపే కబురు

చి. అనూషకు నాయన దీవెనలు.

మేమంతా బాగున్నాం. నిన్న నువ్వు ఫోన్‌లో అన్న మాట గురించే ఈ ఉత్తరం. ఎమ్మెస్సీ పరిశోధనకు మీ గైడ్ స్ట్రిగోలాక్టోన్ల మీద, అంటే మొక్కల వేళ్లు మట్టిలోకి వదిలే పదార్థాల మీద పనిచేయమంటున్నారనీ, అదంతా ఆఫ్రికా దేశాల గొడవ, పాలమూరు రైతుకు అక్కరకు రాదనీ అన్నావు. నాకు ఆ మాట మింగుడు పడలేదు.

అది మన చేనిలో ఉన్న గొడవే, బిడ్డా. దేవరకద్ర దిక్కు చెలకలో పచ్చజొన్న వేసినప్పుడల్లా జానెడు ఎత్తున తెల్లపూలతో జొన్నమల్లె కలుపు మొలిచేది, గుర్తుందా? మీ తాత దాన్ని పీకి గట్టు మీద పారేయనిచ్చేవాడు కాదు. పూత పండకముందే పీకించి, కుప్పేసి కాల్పించేవాడు. జొన్న వేరును పట్టుకుని బతికే ఈ మల్లెనే మీ పుస్తకాల్లో స్ట్రైగా అంటారు.

ఈసారి ఒక జొన్న దుబ్బును చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా లేపి బకెట్ నీళ్లలో నానబెట్టాను. మట్టి మెల్లగా విడిపోయాక చూస్తే, మల్లె వేరు జొన్న వేరును తాకిన చోట చిన్న బొడిపె కనిపించింది. గోటితో పట్టి లాగితే మల్లె వేరు తెగింది కానీ ఆ బొడిపె జొన్నను వదల్లేదు. మల్లె ఆకు పచ్చగానే ఉంటుంది, తన తిండి కొంత తానే తయారు చేసుకుంటుంది. నీళ్లు, లవణాలు మాత్రం జొన్న నుంచి గుంజుకుంటుంది. నేలలో పదును ఉన్నా జొన్న ఆకులు వాడిపోయేది అందుకే. పైకి మొలక కనిపించేసరికే కింద వారాల తరబడి నష్టం జరిగిపోయి ఉంటుంది. కలుపు తీసినా దిగుబడి దక్కదని రైతులు అనేది ఉత్త మాట కాదు.

దాని విత్తనం ఎంతనుకున్నావు, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఒక్క మొక్కకే వేలకు వేలు రాలుతాయి, నేలలో పదేళ్లు దాటినా చావవు. అంత చిన్న గింజలో దాచుకున్న తిండి ఏముంటుంది? దగ్గర్లో వేరు లేకుండా మొలిస్తే కొద్ది రోజుల్లోనే చస్తుంది. అందుకే వేరు పక్కనే ఉందని గుర్తు దొరికేదాకా మొలవదు. వేళ్లు అతి కొద్దిగా మట్టిలోకి వదిలే స్ట్రిగోలాక్టోన్లే ఆ గుర్తు.

ఈ సంగతి బయటపడిన తీరు నాకు చాలా ఇష్టం. 1956లో అమెరికాలోని కరోలినా రాష్ట్రాల్లో ఈ మల్లె మొక్కజొన్న చేలలో కనబడి అక్కడివాళ్లు హడలిపోయారు. పదేళ్లకు, 1966లో, దాని విత్తనాన్ని మొలిపించే పదార్థాన్ని విడదీసి స్ట్రిగాల్ అన్నారు. విడదీసింది దేని వేళ్ల నుంచో తెలుసా? పత్తి వేళ్ల నుంచి! పత్తిని మల్లె పట్టుకోలేదు. అయినా పత్తి వేరు దాన్ని మొలిపిస్తుంది, మొలిచింది ఆసరా దొరక్క చస్తుంది. జొన్న తర్వాత పత్తి వేస్తే మల్లె తగ్గుతుందనడానికి కారణం ఇదే. నల్గొండ, పాలమూరు రైతులు రెండు పంటలూ ఎరిగినవాళ్లే. ఒక్క ఏడు పత్తి వేసినంత మాత్రాన నేల శుభ్రమైపోదు, అన్నేళ్లు బతికే గింజ అది. ఆ తర్వాత అమెరికావాళ్లు ఇథిలీన్ వాయువును నేలలోకి ఎక్కించి కూడా మల్లెను ఉత్త పుణ్యానికి మొలిపించి చంపారు. అదీ మొక్కల హార్మోనే.

మరి శత్రువును లేపే పదార్థాన్ని జొన్న ఎందుకు వదులుతుంది? దీనికి జవాబు రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 2005లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు: వేళ్లతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రం ఈ పదార్థం తగలగానే కొమ్మలు చాచి వేరు వైపు వస్తుంది. అది మట్టిలోంచి భాస్వరం తెచ్చి ఇస్తుంది, మొక్క దానికి పిండిపదార్థం ఇస్తుంది. కబురు పెట్టింది చుట్టానికి, చాటున విన్నది దొంగ. 2008లో మరో సంగతి తేలింది. ఇదే పదార్థం మొక్క లోపల హార్మోనుగా పనిచేసి పక్క కొమ్మలు, పిలకలు ఎక్కువ కాకుండా ఆపుతుంది. భాస్వరం కరువైనప్పుడు ఇది పెరుగుతుంది. అంటే మొక్క ఒకవైపు శిలీంధ్రాన్ని పిలుస్తూ, ఇంకోవైపు పిలకల ఖర్చు తగ్గించుకుంటుంది. ఎంత లెక్క ఉందో చూడు దీంట్లో!

ఇప్పుడు మన ఎర్ర చెలకను తలచుకో. భాస్వరం, నత్రజని తక్కువైతే జొన్న వేరు ఇంకా గట్టిగా పిలుస్తుంది, మల్లెకు ఇంకా బాగా వినబడుతుంది. ఎరువు కొనలేని రైతు చేనిలోనే మల్లె విరగబడటం అతని తలరాత కాదు, దాని వెనక ఇంత రసాయనం ఉంది. అది అతనికి చెప్పేవాళ్లు కావాలి.

పిలుపు మానేస్తే శిలీంధ్రం రాదు, అదీ చిక్కు. దీనికీ దారి ఉంది. కొన్ని జొన్న రకాల్లో ఎల్‌జీఎస్1 అనే జన్యువు పనిచేయదని 2017లో వెల్లడైంది. అవి వదిలే స్ట్రిగోలాక్టోన్ వేరే రకం. మల్లెను అది సరిగా లేపదు. మల్లెను తట్టుకునే జొన్నల మీద పనిచేసిన ఇథియోపియా శాస్త్రవేత్త గెబిసా ఎజెటాకు 2009లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆఫ్రికాలో చేసిన పని అంటావేమో. ఎన్13 అనే జొన్న మన దేశపుదే, మల్లె వేరు చొచ్చుకు రాకుండా తన వేరు కణాల గోడలు మందం చేసుకుంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలోనూ మల్లెను తట్టుకునే జొన్నల మీద పనిచేశారు. నువ్వుండే రాజేంద్రనగర్‌కు అదెంత దూరం!

నా కోరిక ఒకటే. గైడ్ గారి మాట కాదనకు, కానీ పరీక్షకు మన పచ్చజొన్నను కూడా పెట్టమని అడుగు. చెలక మట్టిలో ఒక వరుస, భాస్వరం వేసిన మట్టిలో ఒక వరుస కుండీలు పెట్టి, ఎందులో మల్లె ఎంత మొలిచిందో చూడు. విత్తనం, మట్టి నేను పంపుతా. మల్లె గింజ కావాలంటే మాత్రం ముందు గైడ్ గారి దగ్గర అనుమతి తీసుకో. రెండు కవర్లలో పెట్టి నేనే తెచ్చిస్తా, బస్సు పార్శిల్‌లో వేయను. ప్రయోగం అయ్యాక కుండీల మట్టి బయట పారబోయొద్దు, వేడి చేసి గింజ చచ్చిందని తేల్చుకున్నాకే పారేయండి. మీ విశ్వవిద్యాలయం పొలాలకు అది పాకితే వదిలించడం ఎవరి తరమూ కాదు.

ఏ సంగతో ఆదివారం లోపల చెప్పు. జొన్న కోతకు వచ్చింది, విత్తనానికి మంచి కంకులు ఇప్పుడే వేరు చేయాలి.

మీ నాయన