నా ఎనిమిది పాటలకు చెవులిచ్చిన వాళ్లకు కృతజ్ఞతలు

ఆల్బమ్ వివరాల్లో సంగీతం, గానం, అన్ని వాద్యాలు, మిక్సింగ్ అంటూ వరసగా నా ఒక్క పేరే కనిపిస్తోంది. వాయించిన మాట నిజమే. కానీ ఎనిమిది పాటలూ వినదగ్గట్టు వచ్చాయంటే అది వేరేవాళ్ల చలవ. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వాళ్లు చేసిన పనులే చెప్తాను. ఇంట్లో రికార్డింగ్ చేసుకునే ఇంకొకరికి అక్కరకొస్తాయని వివరంగా రాస్తున్నా.

మొదటి దండం డ్రమ్స్ గది ఇచ్చిన అన్నకు. గదితో పాటు దారం ఉండ కూడా ఆయనదే! పైన వేలాడే రెండు మైకులూ స్నేర్ డ్రమ్ నడిమధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. కంటి అంచనా పనికిరాదు, దారం పెట్టి కొలవాల్సిందే. ధ్వని మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. ఒక మైకు 17 సెంటీమీటర్లు ఎడంగా ఉంటే స్నేర్ దెబ్బ దానికి అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపి మోనోలో వింటే 1000 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టు బోలుగా వస్తుంది. తర్వాత ఈక్వలైజర్‌లో ఎంత పెంచినా పోయింది రాదు. కాలితో కొట్టే కిక్ డ్రమ్ మైకుకు, ధ్వని తరంగాన్ని తలకిందులు చేసే పోలారిటీ మీట అటూ ఇటూ వేసి, ఎటు వేస్తే కింది స్వరం నిండుగా ఉందో అటే ఉంచమన్నదీ ఆయనే.

అన్నీ ఒకరే వాయిస్తే ఇంకో చిక్కు. బ్యాండులో డ్రమ్స్ కాస్త తొందరపడితే బేస్ వెనక్కి లాగుతుంది. ఒక్క మనిషే అయితే ఆ తొందర ప్రతి ట్రాకులోనూ ఒకే వైపు మొగ్గుతుంది, పాట మొత్తం పరిగెడుతున్నట్టు ఉంటుంది. బేస్ వాయించే మిత్రుడు చెప్పిన పద్ధతి ఇది: ముందు గిటారు, గొంతుతో పాట చివరిదాకా దారి చూపే గైడ్ ట్రాకు. డ్రమ్స్‌కి క్లిక్ (చెవిలో లయ చెప్పే టిక్కు టిక్కు) రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద మాత్రమే. బేస్ వాయించేటప్పుడు క్లిక్ పూర్తిగా ఆపేసి డ్రమ్స్‌నే వినాలి. దెబ్బల్ని కంప్యూటర్‌లో జరిపి లయ గీతల గ్రిడ్‌కి అతికించడం అసలు వద్దు.

గది మోత తగ్గించే రాక్‌వూల్ (రాతి ఉన్ని) ప్యానెళ్లు చేసిచ్చిన వడ్రంగి మాస్టారికి ప్రత్యేకంగా. నాలుగంగుళాల మందం, వెనక గోడకు మరో నాలుగంగుళాల ఖాళీ. పల్చటి ఫోమ్ ముక్కలు పై స్వరాలనే మింగుతాయి, కింది మోత అలాగే ఉండిపోతుంది. పదడుగుల గదికి 56 హెర్ట్జ్ దగ్గర సొంత మోత ఉంటుంది, బేస్ గిటారు 'ఏ' తీగేమో 55. ఇంత కిందికి ప్యానెళ్లూ పెద్దగా చేయలేవు, కుర్చీ జరపాలి. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే ఆ స్వరం వినిపించదు, వినిపించలేదని పెంచేస్తాం, కారులో వింటే అద్దాలు అదురుతాయి. ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంలో కూర్చుని మొదలుపెట్టి, అక్కణ్ణుంచి అటూ ఇటూ జరిగి చూసుకోవాలి.

హార్మోనియం ఇచ్చిన భజన మండలి పెద్దలకు నమస్కారాలు. దాని 'ఏ' స్వరం 444 హెర్ట్జ్ పలుకుతుంది, అంటే మామూలు 440 కంటే దాదాపు 16 సెంట్లు (అరస్వరంలో వందో వంతు ఒక సెంటు) ఎక్కువ. రీడ్లు గీకి దింపే పని పెట్టుకోకుండా, ఆ పాటకు గిటారు, బేస్, కీబోర్డు అన్నీ 444కే శ్రుతి చేశాం.

ఉచ్చారణ చూసిన అక్క లేకపోతే పాటల్లో సగం మాటలు ఊదుడే అయ్యేవి. భ, ఫ, ప పలికినప్పుడు గాలి నేరుగా మైకుకు తగలకుండా మైకును ఓ పక్కకు తిప్పి, జానెడు దూరంలో పెట్టించింది. గొంతు రెండుసార్లు పాడి కలిపేటప్పుడు రెండోదాంట్లో స, చ, ట మెత్తగా మింగేయమంది. రెండు ట్రాకుల్లో హల్లులు ఎప్పుడూ ఒకేసారి పడవు, బుసబుసలాడతాయి.

మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి మెరుగు) చేసినాయన మొదట ఫైళ్లు వెనక్కి పంపారు. అందుకే ఆయన్ని నమ్మాను. మొత్తం మిక్సు మీద డీ ఎస్సర్ (స-కారం బుస తగ్గించేది) వేస్తే గొంతులో స-కారంతో పాటు డ్రమ్స్ సింబల్స్ మెరుపూ పోతుంది, గొంతు ట్రాకు మీదే వేసి పంపమన్నారు. శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్ తీసేసి, శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉంచి, 24 బిట్ వేవ్ ఫైళ్లు అడిగారు. స్పాటిఫై మామూలుగా ప్రతి పాట గట్టిదనాన్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (గట్టిదనం కొలత) సర్దుతుంది కాబట్టి గోల పెంచి లాభం లేదని తేల్చేశారు.

రెండు పాటలు రాసిన మిత్రుడికి చెప్పాల్సింది కృతజ్ఞత ఒక్కటే కాదు, వాటా కూడా. విడుదలకు ముందే కాగితం మీద రాసుకుని సంతకాలు చేశాం. ఒక్కో రికార్డింగుకు గుర్తుగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండు ఉండే ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌లు భద్రంగా దాచుకోమన్నదీ అతనే. పంపిణీ సంస్థ మారినా పాటకు కోడ్ మారకూడదు, మారితే పాత వినికిళ్ల లెక్క తెగిపోతుంది.

పక్కింటి పిన్నిగారూ, రాత్రి పది తర్వాత బోరు మోటారు ఆపినందుకు మీకు వేరే చెప్పాలా!

డ్రమ్స్ నేర్చుకుంటున్న వాళ్లెవరికైనా డ్రమ్స్ లేని మిక్సులు కావాలంటే కింద రాయండి, క్లిక్‌తో, క్లిక్ లేకుండా రెండూ పంపిస్తాను. హార్మోనియం పాట మాత్రం 444లో ఉంది, దానికి గిటారు కలిపి వాయించేవాళ్లు ముందు శ్రుతి పెంచుకోండి.