ఏ దశలో ఉందో మొదటే రాయండి
హెచ్‌ఐవీని అడ్డుకునే మందు ల్యాబ్‌లో కణాలపై పనిచేస్తే చాలు, ‘ఎయిడ్స్‌కు మందు దొరికింది’ అని శీర్షిక పెట్టేస్తున్నారు. హెచ్‌ఐవీ ఉన్నవారికి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్‌గా చూస్తున్నాను, అలాంటి వార్త వచ్చిన వారం ‘ఈ మాత్రలు ఇక ఆపేయొచ్చా మేడమ్?’ అని ఒకరిద్దరైనా అడుగుతారు. అడక్కుండానే ఆపేసేవాళ్లతోనే అసలు టెన్షన్. వైరస్ మన కణంలోకి దూరడానికి ఆ కణంపై తలుపులా ఉండే సీసీఆర్5 అనే గ్రాహకాన్ని వాడుకుంటుందని 1996లో తేలింది. ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువును చొప్పించిన కణాల సాయంతో ఎన్నో రసాయనాలను జల్లెడ పట్టి తెచ్చిన మారావిరాక్ అనే మందుకు అమెరికాలో అనుమతి 2007లో గానీ రాలేదు. పైగా సీఎక్స్‌సీఆర్4 అనే మరో గ్రాహకం దారిన వచ్చే వైరస్‌పై అది పనిచేయదు. పరీక్ష జరిగింది కణాలపైనా, జంతువులపైనా, మనుషులపైనా అన్నది మొదటి పేరాలోనే రాయాలి. మాత్రలు ఆపొద్దన్న ముక్క పక్కనే బాక్సు కట్టి వేయాలి.
– ఒక ఏఆర్‌టీ కౌన్సెలర్, గుంటూరు